తడిసిన అంచు

పోయిన వారం కథలో పెద్దోణ్ణి బడి వరండాలో నిలబెట్టి మన దారిన మనం వచ్చేశాం. పాపం, కుర్రాడు ఇంకా అక్కడే ఉన్నాడు. చేతిలో రెండు జవాబు కాగితాల కట్టలున్నాయి. ఒకటి తనది, రెండోది చెల్లెలు గువ్వది. లెక్కల పరీక్షలో క్లాసు మొత్తానికీ పై మార్కు పెద్దోడిది. ఎప్పుడూ ఆ చోటు రాసిచ్చినట్టుండే గువ్వ ఈసారి ఎక్కడో మధ్యలోకి జారిపోయింది. ఆఖరి లెక్కనైతే ఆ పిల్ల ముట్టుకోనే లేదు. ప్రశ్న నంబరు వేసి, కింద పేజీ అంతా ఖాళీగా వదిలేసింది.

అన్నాచెల్లెళ్లు ఒకే క్లాసులో ఎందుకున్నారని కొత్తవాళ్లు అడుగుతారు. కవలలు కారు, పెద్దోడు మూడేళ్లు పెద్ద. మూడేళ్ల కిందట ఇదే ఆఖరి క్లాసులో ఉండగా అతని మనసు జబ్బుపడింది. జ్వరమొస్తే థర్మామీటరు చెబుతుంది, కాలు విరిగితే కట్టు కనిపిస్తుంది. ఈ జబ్బుకి అలాంటి సాక్ష్యాలేమీ లేవు. అందుకని చాలాకాలం దాన్ని బద్ధకం అన్నారు, పొగరు అన్నారు, వయసు అలాంటిదన్నారు. చివరికి డాక్టరమ్మ దాన్ని డిప్రెషన్ అని పేరు పెట్టి చెప్పేసరికి పరీక్షలు అయిపోయాయి, మార్కులు పాతాళంలో ఉన్నాయి. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అప్పుడు మందులు మొదలయ్యాయి. రెండేళ్లు ఇంట్లో ఉండి, మెల్లగా కోలుకుని, పడ్డచోటే లేచి నిలబడాలని పట్టుబట్టి పెద్దోడు మళ్లీ అదే క్లాసులో చేరాడు. అప్పటికి గువ్వ కూడా ఆ క్లాసుకే వచ్చేసింది. మీసాలొచ్చిన కొత్త కుర్రాణ్ణి చూసి పిల్లలంతా ‘తాత’ అని పేరు పెట్టారు. మొదట్లో మనసు చివుక్కుమన్నా, ఇప్పుడు ఎవరైనా అలా పిలిస్తే ‘ఏం మనవడా’ అంటున్నాడు.

లెక్కల మాస్టారు చెడ్డ మనిషి కాదు. తను కనిపెట్టిన సంగతి తప్పయి ఉండొచ్చని ఒక్కసారి కూడా అనుమానించని మనిషి, అంతే. వరండాలోకి పిలిచి, గువ్వ కాగితాలు పెద్దోడి చేతిలో పెట్టి, గొంతు తగ్గించి మరీ చెప్పాడు.

“నీ చెల్లెలు నీకోసం తగ్గుతోందిరా అబ్బాయ్. ఇలాంటి లెక్క నిద్రలో లేపి అడిగినా చేసే పిల్ల. నువ్వు పైన ఉండాలని వదిలేసింది. ఇంటికెళ్లి అడుగు. మార్కులు దానం చేసేవి కావని చెప్పు.”

ఆయన చెప్పింది మెచ్చుకోలుగానే. పెద్దోడికి మాత్రం చెంప మీద కొట్టినట్టయింది.

ఎందుకో తెలియాలంటే ఈ కుర్రాడు మళ్లీ చదువుకోవడం ఎలా నేర్చుకున్నాడో తెలియాలి. జబ్బు తగ్గాక కూడా అతనికి పుస్తకం పట్టుబడలేదు. ఒక వాక్యం చదివి రెండో వాక్యానికి వచ్చేసరికి మొదటిది మాయమయ్యేది. డాక్టరమ్మ ఒక చిట్కా చెప్పింది. పొయ్యి మీద టీ పెట్టండి, అది మరిగేలోపు ఎంత చదివితే అంతే, మరిగాక ఇంకా చదవాలనిపించినా పుస్తకం మూసెయ్యాలి అంది. అలా వంటింట్లో నిలబడి, గిన్నెలో నీళ్ల మీద ఒక కన్నూ పుస్తకం మీద ఒక కన్నూ వేసి, పెద్దోడు మళ్లీ చదువు మొదలెట్టాడు. కొన్నాళ్లకు టీ చాలక బంగాళాదుంపలు ఉడికేదాకా చదివేవాడు. నాన్న దానికి ‘దుంప చదువు’ అని పేరు పెట్టి, ఇలా అయితే మనవాడు పట్టా తెచ్చుకునేలోపు మనం దుంపలు తినే పోతామని నవ్వించేవాడు. అలా గిన్నె గిన్నెకీ కూడబెట్టుకున్న చదువది. లెక్కల్లో వచ్చిన ఆ పై మార్కు అతనికి మార్కు కాదు. నేను తిరిగొచ్చాను అని తనకు తను చెప్పుకోగలిగిన మొదటి మాట. అది చెల్లెలు జాలిపడి పారేసిన ముక్క అయితే ఇక తిరిగొచ్చిందెవరు?

ఆ ఆలోచనతోనే ఇంటిదారి పట్టాడు. నడుస్తుంటే ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. ఆ తరహా లెక్కలు తనకి నేర్పిందే గువ్వ. సెలవు రోజుల్లో వంటింటి బల్ల దగ్గర కూర్చోబెట్టి, అర్థం కాకపోతే పెన్సిలుతో తల మీద మొట్టి మరీ నేర్పింది. ఈ మధ్య మాత్రం పద్ధతి మార్చింది. ‘నువ్వు పైకి చెబుతూ చెయ్యి అన్నయ్యా, నేను వింటాను’ అని బల్ల మీద తల వాల్చి కళ్లు మూసుకునేది. తన మీద అంత నమ్మకం కుదిరిందని పెద్దోడు పొంగిపోయాడు. అదంతా ముందుగా వేసుకున్న పథకమన్నమాట, తనని మెట్టెక్కించి ఆమె కిందికి దిగడానికి. తలచుకున్నకొద్దీ ఒళ్లు మండింది.

ఇంకో సంగతి కూడా చెప్పుకోవాలి. ఆ ఇంట్లో ఒక నియమం ఉంది. ఎవరూ మార్కుల మాట ఎత్తకూడదు. కొన్నాళ్లు అబ్బాయిని మార్కుల గురించి వేధించకండి అని మాత్రమే డాక్టరమ్మ అంది. ఆవిడ చెప్పింది బెత్తెడు, అమ్మ పాటించింది బారెడు. పక్క వాటా ఆవిడ తన కొడుక్కి తొంభై దాటాయని మొదలెడితే అమ్మ ఎండల సంగతి అడిగేది. ప్రోగ్రెస్ రిపోర్టులు వచ్చినప్పుడు నాన్న మార్కుల మీద అరచెయ్యి కప్పి, కింద సంతకం గీకి, చెయ్యి తియ్యకుండానే కాగితం మడిచి ఇచ్చేసేవాడు. కాటాలు బాగుచేసే మనిషి కనుక ఆ చెయ్యి వెడల్పాటిది, ఒక్క అంకె కూడా కనబడనివ్వదు. ఆ నియమం ఇద్దరు పిల్లలకీ ఒకటే. ఒకరి మార్కులు చూసి ఇంకొకరివి చూడకపోతే పెద్దోడు బాధపడతాడని. ఆ నియమం నీడనే అతను బతికి బట్టకట్టాడు. అంతవరకూ నిజం. ఆ నీడలో ఇంకేం పెరుగుతోందో అప్పటికి ఎవరికీ తెలియదు.

వాళ్ల వాటా ఇస్త్రీ, డ్రైక్లీనింగ్ దుకాణం మీద. మెట్ల మీదికి ఎప్పుడూ వేడి ఆవిరి, సబ్బు వాసన వస్తుంటాయి. పెద్దోడు రెండేసి మెట్లు ఎక్కి తలుపు తోశాడు. అమ్మా నాన్నా పనుల్లోంచి ఇంకా రాలేదు. గువ్వ లోపలి గదిలో మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉంది. తలనొప్పని ఈరోజు బడి మానేసింది. ఈ మధ్య ఆ పిల్లకి తలనొప్పులు ఎక్కువే. సాయంత్రపు ఎండ తలవైపు కిటికీలోంచి నేరుగా ఆమె మొహం మీద పడుతోంది, కర్టెన్ లాగే ఓపిక కూడా చేసుకోలేదు.

కాగితాలు మంచం మీద పడేశాడు.

“ఆఖరి లెక్క ఎందుకు చెయ్యలేదు?”

గువ్వ కాగితాల వంక చూడలేదు. ఎవరిచ్చారని అడగలేదు. తన మార్కులెన్నో కూడా అడగలేదు.

“మాస్టారు అన్నీ చెప్పారు,” అన్నాడు. “నా కోసమే వదిలేశావట.”

గువ్వ గోడకేసి చూస్తూనే, “అవును,” అంది. “నీ కోసమే.”

ఒప్పుకోదనుకున్నాడు, బొంకుతుందనుకున్నాడు. అంత తేలిగ్గా ఒప్పుకునేసరికి లోపల బిగబట్టుకున్నదంతా ఒక్కసారి తెగింది. ఏమేం అన్నాడో అన్నీ రాయడం అనవసరం. అన్నలు చెల్లెళ్లని అనేవే, కాకపోతే ఇంకాస్త లోతుగా గుచ్చుకునేవి. నేనేమన్నా కుంటివాణ్ణా, నువ్వు నా కోసం నడక తగ్గించడానికి అన్నాడు. క్లాసులో వాళ్లు తాత అంటే నవ్వాను కానీ నువ్వు నన్ను పసివాణ్ణి చేశావు అన్నాడు. చివర్లో మాత్రం కేకలు ఆపి అడిగాడు.

“జీవితంలో మొదటిసారి ఒకటి నాదనుకున్నాను గువ్వా. అది కూడా నువ్వు పెట్టిన భిక్షేనా?”

“సరే,” అంది గువ్వ.

“సరే ఏంటి?”

“ఇంకోసారి అలా చెయ్యనులే.”

ఈ ఇంట్లో గువ్వ మాట పడేరకం కాదు. నువ్వు ఒకటంటే రెండంటుంది, అన్నయ్య అయినా సరే, నాన్న అయినా సరే. పుట్టినప్పుడు ఊపిరి ఆడక గువ్వపిట్టలా మూలిగిందని ఆ పేరు పెట్టారుగానీ, ఆ తర్వాత ఎవరూ ఆ పిల్ల మూలుగు విన్నవాళ్లు లేరు. అలాంటిది ఇన్ని మాటలకీ ‘సరే’ అని ఊరుకుంది. పెద్దోడి కోపానికి ఎదురేమీ లేకపోయేసరికి, ఊతం తీసేసిన నిచ్చెనలా అది అక్కడే కూలింది. ఎక్కడో ఏదో తేడాగా అనిపించింది కానీ ఏమిటో అందలేదు. టీ పెడతానని గొణుక్కుంటూ వంటింట్లోకి వెళ్లాడు.

గిన్నెలో నీళ్లు పోసి పొయ్యి వెలిగించాడు. అలవాటు చొప్పున చెయ్యి పుస్తకం కోసం వెతికింది. ఈపూట చదివే మనసు లేదు. మొహం కడుక్కుందామని బాత్‌రూములోకి వెళ్లాడు. చల్లటి నీళ్లు మొహాన కొట్టుకుని, కళ్లు మూసుకునే తువ్వాలు కోసం చెయ్యి చాపాడు. అందింది తనది కాదు, గువ్వ తువ్వాలు. ఆకుపచ్చ గళ్లది. పొద్దున అమ్మ పనికి వెళ్లేముందు గువ్వ స్నానం చేసిందని, తల కూడా రుద్దుకోమన్నానని చెప్పింది అతనికి గుర్తుంది.

మొహం తుడుచుకుంటున్నవాడల్లా ఆగిపోయాడు.

తువ్వాలు కింది అంచు తడిగా ఉంది. పైనుంచి మిగతాదంతా పొడిగా, ఉతికి మడతపెట్టినప్పటి గరుకుతోనే ఉంది. స్నానం చేసినవాళ్లు ఒళ్లు తుడుచుకుని ఆరేస్తే తువ్వాలు ఇలా ఉండదు. అక్కడక్కడా తడి ఉంటుంది, నలుగుతుంది, సాయంత్రానికి ఒకలా ఆరుతుంది. ఒక్క అంచే సాయంత్రానికి కూడా ఇలా ఆరకుండా ఉండాలంటే, ఎవరో దాన్ని పంపు కింద పట్టి నీళ్లు కారేలా తడిపి తీగ మీద వేసుండాలి. గువ్వ సబ్బు కూడా చూశాడు. పైన నీళ్లు పడ్డ జాడ ఉంది, నురగ జాడ లేదు. ఆమె దువ్వెన మూలన పడి ఉంది. దాని పళ్లలో ఇరుక్కున్న వెంట్రుకలు పాతవి, దుమ్ము పట్టినవి.

ఈ విద్య పెద్దోడికి తెలుసు. మూడేళ్ల కిందట తనూ ఇదే చేసేవాడు. ఒంటి మీద నీళ్లు పోసుకోవడం కొండ ఎత్తడంలా ఉండే రోజుల్లో, తలుపు గడియపెట్టి, బకెట్‌లోకి పంపు వదిలి, చప్పుడు వినబడేలా కాసేపు కూర్చుని, చివర్లో తువ్వాలు అంచు తడిపి బయటికొచ్చేవాడు. అమ్మ తువ్వాలు పట్టుకు చూసి తృప్తి పడేది. కళ్లద్దాల దుకాణంలో అద్దాలు బిగించే మనిషి, అద్దం మీద వెంట్రుకంత గీతని కూడా పసిగట్టే మనిషి, ఆ అంచు తడికి మోసపోయింది. ఈ సంగతి పెద్దోడు ఎవరికీ చెప్పలేదు. డాక్టరమ్మకి కూడా సిగ్గేసి చెప్పలేదు. గువ్వ దీన్ని ఎవరి దగ్గరా నేర్చుకునే వీలు లేదు. ఎవరూ నేర్పకుండానే ఆ పిల్లకీ వచ్చేసింది.

వంటింట్లో నీళ్లు మరిగి, పొంగి, పొయ్యి మీద సుయ్యిమన్నాయి. పెద్దోడికి వినబడలేదు. తువ్వాలు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఇప్పుడు ఒక్కొక్కటే వేరే వరసలో గుర్తొచ్చాయి. బల్ల మీద వాల్చిన తల, మూసుకున్న కళ్లు, ‘నువ్వు చెప్పు, నేను వింటాను’ అన్న మాట, తలనొప్పులు, ఆ ‘సరే’. ఆ సరే తనది. గొడవ తొందరగా అయిపోవాలని, అందరూ గదిలోంచి వెళ్లిపోవాలని, ఎదుటివాళ్లు ఏమంటే దానికి ఒప్పేసుకునే సరే. మూడేళ్ల కిందట నాన్న పొగరు అంటే సరే అన్నాడు, మాస్టార్లు బద్ధకం అంటే సరే అన్నాడు.

పొయ్యి కట్టేసి లోపలి గదిలోకి వచ్చాడు. తువ్వాలు వెంట తేలేదు, ఎక్కడిదక్కడే ఆరేశాడు. ముందు కర్టెన్ లాగి, మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు. గువ్వ మొహం మీంచి ఎండ పోయింది.

“ఆ లెక్క చదివావా?” అని అడిగాడు. ఈసారి గొంతులో కోపం లేదు.

“చదివాను.”

“అర్థమైందా?”

కింద దుకాణంలో ఇస్త్రీ పెట్టె బుస్సుమన్న చప్పుడు వినిపిస్తోంది.

“మళ్లీ మళ్లీ చదివాను,” అంది. “అక్షరాలన్నీ కనిపిస్తున్నాయి అన్నయ్యా. నేనే నీకు నేర్పానని కూడా తెలుసు. మొదలెక్కడో మాత్రం తెలియలేదు. పక్కనోళ్లందరూ రాస్తున్నారు. ఎలా రాస్తున్నారా అని చూస్తూ కూర్చున్నా. బెల్లు కొట్టారు.” ఆగి, “నేను వదిలెయ్యలేదు. నాకు రాలేదు,” అంది.

పెద్దోడికి అప్పుడర్థమైంది. తన మార్కు తనదే. గిన్నె గిన్నెకీ సంపాదించుకున్నదే, ఎవరూ దానం చెయ్యలేదు. ఇంటికొచ్చేటప్పుడు అతను కోరుకున్నది సరిగ్గా ఇదే. ఇప్పుడు చేతికందాక, దీనికన్నా ఆ భిక్షే నయమనిపించింది.

“మరి నా కోసమేనని ఎందుకన్నావు?”

“నీ కోసం అంటే మంచి పిల్ల అంటారు. రాలేదంటే ఎందుకు రాలేదని అడుగుతారు.”

ఎప్పటి నుంచీ అని అడిగాడు. ఎండలు మొదలవక ముందు నుంచీ అని చెప్పింది. మరి అమ్మకెందుకు చెప్పలేదంటే పేలవంగా నవ్వింది. ఏమని చెప్పాలి, మార్కులు తగ్గాయని చెబుదామంటే ఈ ఇంట్లో మార్కుల మాట ఎత్తకూడదాయె అంది. పోయినసారి రిపోర్టు తెచ్చినప్పుడు నాన్న చెయ్యి కప్పుకుని సంతకం పెడుతుంటే, ఒక్కసారి ఆ చెయ్యి తియ్యవా అని నోటిదాకా వచ్చిందట. ఆయనేమో నవ్వుతూ, చూడలేదమ్మా, ఒట్టు అన్నాడట.

పెద్దోడు తల దించుకున్నాడు. తనని కాపాడ్డానికి కట్టిన గోడ అది. చెల్లెలు ఆ గోడకి అవతల ఉండిపోయింది.

“అమ్మ ఇప్పుడిప్పుడే నవ్వుతోంది,” అంది గువ్వ. “నాన్న జోకులేస్తున్నాడు. మూడేళ్లు పట్టింది వాళ్లకి. ఇప్పుడు మళ్లీ మొదట్నుంచీ అంటే అమ్మ తట్టుకోలేదు. పరీక్షలయ్యేదాకా ఎవరికీ చెప్పకు. ఆ తర్వాత నేనే చెబుతాను.”

ఆ మాట పెద్దోడు గుర్తుపట్టాడు. ఎందుకంటే అది కూడా తనదే. మూడేళ్ల కిందట బడికని బయల్దేరి, మేడ మీద ఆరేసిన దుప్పట్ల మధ్య గోడకానుకుని కూర్చున్నవాణ్ణి గువ్వ చూసింది. ఏడవడం కూడా లేదు, ఊరికే కూర్చుని ఉన్నాడు. పద్నాలుగేళ్ల పిల్ల హడలిపోయి అమ్మని పిలవబోతే, చెయ్యి పట్టుకు ఆపాడు. పరీక్షలయ్యేదాకా చెప్పకు, ఆ తర్వాత నేనే చెబుతాను అన్నాడు. ఒట్టు వేయించుకున్నాడు. ఆ పిల్ల మాట తప్పలేదు. పరీక్షలయ్యాయి, మార్కులు వచ్చాయి, ఇల్లంతా అల్లకల్లోలమైంది, డాక్టరమ్మ ‘ఇంకాస్త ముందు తెచ్చుంటే’ అంది. ఇంట్లో ఎవరికైనా ముందే తెలుసా అని ఆవిడ అడిగితే అందరూ లేదన్నారు, గువ్వ కూడా. అమ్మకి ఈరోజు వరకూ ఆ సంగతి తెలియదు.

“అప్పుడు నేను చెప్పేసి ఉంటే నీకు ఆ మార్కులు వచ్చేవి కావు,” అంది గువ్వ, అతను తలచుకుంటున్నదేమిటో తెలిసినట్టే. “నువ్వు ఇప్పుడు ఎక్కడో పెద్ద చదువులో ఉండేవాడివి. నిన్ను క్లాసులో తాత అన్నప్పుడల్లా నాకదే గుర్తొస్తుంది.”

“ఆ పాపం నీది కాదు గువ్వా. నీ నోరు కట్టింది నేను.”

“సరే.”

“నాతో సరే అనకు,” అన్నాడు. కాస్త తేరుకుని, ఆమె కాలి బొటనవేలు పట్టుకు ఊపాడు. “క్లాసు పోతే పోయింది. మళ్లీ చదవొచ్చు. నేను చదవట్లేదా? మహా అయితే నిన్ను అమ్మమ్మ అంటారు.”

గువ్వ పెదవి చివర కొంచెం కదిలింది. నవ్వు కాదు, నవ్వు ఉండే చోటు గుర్తుపట్టినట్టు. అంతలోనే లేచి అతని చెయ్యి పట్టుకుంది. వేళ్లు చల్లగా ఉన్నాయి.

“చెప్పనని ఒట్టెయ్యి. నేను వెయ్యలేదా నీకు?”

పెద్దోడు నోరు తెరిచాడు. ఏం చెప్పేవాడో అతనికే తెలియదు. మెట్ల మీద తాళాల గుత్తి చప్పుడైంది. అమ్మ.

రోజూ అలసిపోయి నెమ్మదిగా మెట్లెక్కే మనిషి ఈరోజు పరుగులాంటి నడకతో వచ్చింది. చేతి సంచి గుమ్మంలోనే వదిలేసింది. చెప్పులు కూడా విప్పలేదు. ఇద్దరినీ ఒకచోట చూసి, కొంగుతో కళ్లు ఒత్తుకుని, అలాగే నవ్వేసింది.

మీ లెక్కల మాస్టారు కళ్లజోడు మర వదులైందని మా దుకాణానికి వచ్చాడని చెప్పింది. మర బిగిస్తుండగా ఆయన అంతా చెప్పాడట. మార్కుల మాట ఎత్తకూడదని నాకు తెలుసు, నేను పెట్టిన నియమమే, ఈ ఒక్కరోజుకీ నన్నొదిలెయ్యండి అంది. క్లాసు మొత్తానికీ పై మార్కు తెచ్చుకున్నాడట నా కొడుకు అంది. వాడు పైన ఉండాలని తన లెక్క తను వదిలేసుకుందట నా కూతురు అంది. దుకాణంలో అందరికీ చెప్పేశానని, యజమాని కూడా ఇలాంటి పిల్లల్ని కనడానికి పెట్టిపుట్టాలన్నాడని చెప్పింది. మంచం అంచున కూర్చుని గువ్వ తల ఒళ్లోకి తీసుకుంది.

“బంగారు తల్లీ,” అంది. “నీ గురించి నాకు ఏనాడూ దిగుల్లేదమ్మా. నువ్వు ఉన్నావనే ధైర్యంతోనే వాణ్ణి చూసుకోగలిగాను.”

గువ్వ కళ్లు మూసుకుంది. అమ్మ చెయ్యి ఆ జుట్టు మీద తిరుగుతోంది. చిక్కులు పడ్డ, రోజుల తరబడి నీళ్లు చూడని జుట్టు. ఆనందంలో ఉన్న చేతికి అది తెలియలేదు. అమ్మ ఒళ్లోంచే గువ్వ కళ్లు తెరిచి అన్నయ్య వంక చూసింది. వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది.

ఈ మూడేళ్లలో అమ్మని ఇంత సంతోషంగా పెద్దోడు చూడలేదు. ఆ సంతోషం ఒక అబద్ధం మీద నిలబడి ఉంది. చూడ్డానికి ఎంత అందంగా ఉందంటే, దాన్ని ముట్టుకోవడానికి చేతులు రావు. పరీక్షలు ఎంతో దూరం లేవు. అందాకా ఊరుకుంటే అమ్మ నవ్వు ఉంటుంది, తన చదువు సాఫీగా సాగుతుంది, తన మార్కు చూసి అందరూ మురిసిపోతారు. అందాకా ఊరుకుంటే ఏమవుతుందో కూడా అతనికి తెలుసు. ఆ ఇంట్లో అది తెలిసినవాడు అతనొక్కడే.

లేచి బాత్‌రూములోకి వెళ్లాడు. తీగ మీంచి ఆకుపచ్చ గళ్ల తువ్వాలు తీశాడు. తెచ్చి అమ్మ చేతిలో పెట్టాడు.

“ఇదెందుకురా?” అంది అమ్మ, ఇంకా నవ్వుతూనే. వేళ్లు అలవాటుగా అంచు పట్టుకున్నాయి. “తడిగానే ఉందిగా. చెల్లి స్నానం చేసింది పొద్దున.”

“మొత్తం పట్టుకుని చూడమ్మా.”

అమ్మకేం అర్థం కాలేదు. కొడుకు మొహం చూసి, కాదనలేక, తువ్వాల్ని ఒక చేత్తోనే గుప్పిట్లోకి లాక్కుంటూ వచ్చింది. వేళ్లు తడి దాటి పొడి మీదికి వచ్చాయి. ఇంకొంచెం పైకి వచ్చాయి. అక్కడా పొడే. మళ్లీ వెనక్కి అంచు దాకా వెళ్లి, మళ్లీ పైకి వచ్చి ఆగాయి. నవ్వు ఇంకా మొహాన ఉంది, కానీ దాన్ని మోస్తున్నవాళ్లు లేరు. గువ్వ జుట్టు మీద ఉన్న రెండో చెయ్యి, ఇప్పుడు మొదటిసారి ఆ జుట్టుని నిజంగా తడిమింది.

“అంచు ఒక్కటే తడిపి ఆరేస్తారమ్మా,” అన్నాడు. “స్నానం చేశామని నువ్వు అనుకోడానికి.”

అమ్మ తలెత్తింది. కూతురి వైపు కాదు, కొడుకు వైపు చూసింది.

“నీకెలా తెలుసు?”

పెద్దోడు చెప్పాల్సిన అవసరం లేకపోయింది. అమ్మ మొహంలో మూడేళ్ల నాటి పొద్దుటిపూటలన్నీ ఒక్కొక్కటే తిరిగొస్తున్నాయి. తను పట్టుకు చూసిన తువ్వాళ్లన్నీ.

గువ్వ అమ్మ ఒళ్లోంచి తల తీసేసింది. కోపంగా అరవలేదు, ఏడవలేదు. నింపాదిగా గోడవైపు తిరిగి, మోకాళ్లు కడుపులోకి ముడుచుకుని పడుకుంది.

“నీ మాట నేను నిలబెట్టాను అన్నయ్యా,” అంది గోడకేసి.

అమ్మ ఒకసారి గువ్వ వీపు వంక, ఒకసారి పెద్దోడి వంక చూసింది. తువ్వాలు ఇంకా చేతిలోనే ఉంది.

“ఏ మాట?” అని అడిగింది.